ఎడమ కాలు అవ్వది, కుడి కాలు జేజిది

మా తమ్ముడి కొడుకు తెచ్చిన చిన్న డబ్బా మూత తీయగానే కానుగ నూనె వాసన ముక్కుకు కొట్టింది. దాని వెనకే గాయపాకు పసరు, ఆ వెనక తేనెమైనం. ఆదోనిలో మా అవ్వ వంటింటి మూలన ఉండే మట్టి పిడత వాసన అది. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పిడత ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాగా మారి నా అరచేతిలో కూర్చుంది. మూత మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద "పూస్తే చాలు, పుండు మాయం" అని అచ్చు.

"అత్తా, ముత్తవ్వ మలాము గురించి నువ్వు నాలుగు మాటలు సెప్పల్ల. ఫోన్లో తీస్తా. తాతకు కాళ్ళు మానినాయి గదా, అది సెప్పు సాలు," అన్నాడు వాడు.

"అది సెప్తే నీ డబ్బా అమ్ముడుపోదప్పా," అన్నాను.

వాడు నవ్వాడు. ఫోను ముందు కూర్చోను, కావాలంటే రాసిస్తాను అని చెప్పి పంపించాను. ఇది ఆ రాత. వాడు అడిగిన మాటలు ఇందులో లేవు. నేను చూసింది ఉంది. చూసిన దానికన్నా ఒక్క వెంట్రుక ఎక్కువ చెప్పమన్నా చెప్పను. ఈ మొండితనం నాకు ఇప్పుడొచ్చింది కాదు.

అప్పుడు మేము ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో ఉండేవాళ్ళం. వీధంతా గంజి వాసన. నేతలో నిలువుగా సాగే పడుగు దారాలకు గంజి పట్టించి ఎండలో బారుగా సాగదీసేవాళ్ళు. దాని కింద దూరి పరుగెత్తడం మా ఆట, మా వెనక పెద్దల తిట్లు. తెల్లారితే ప్రతి ఇంట్లో మగ్గం కింద తొక్కే పలకల చప్పుడు మొదలయ్యేది. మా నాయన మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చుని నేసేవాడు. చూసేవాళ్ళకు చేతులు కనిపిస్తాయి గానీ, మగ్గం నడిచేది కాళ్ళతో. ఒక పలక తొక్కితే సగం దారాలు పైకి లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం. రెండు కాళ్ళూ ఆడకపోతే అడ్డం దారం మోసుకుపోయే నాడె దూరడానికి దారే ఉండదు.

మగ్గం మాది కాదు, సావుకారుది. దాని మీది పడుగూ ఆయనదే. గంజి పట్టిన పడుగు నేయకుండా ఊరికే ఉంటే దారాలు పెళుసుబారిపోతాయి. అందుకని ఎవరైనా జబ్బు పడి మగ్గం ఆగితే, సావుకారు మనిషి వచ్చి పడుగు కోసుకుపోయి ఇంకొకరికి ఇచ్చేవాడు. అట్లా కోయించుకున్న ఇల్లు మా వీధిలోనే ఒకటి ఉండేది. ఆ ఇంటాయన ఖాళీ మగ్గం ముందు కూర్చుని బీడీలు కాల్చేవాడు. ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు మా అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కునేది.

నాయన సైకిలు మీద ఆదోని నుంచి వస్తూ ఉన్నట్టుండి గొర్రెల మంద అడ్డం వస్తే రోడ్డు పక్కన పోసిన కంకర మీద పడ్డాడు. రెండు కాళ్ళకూ మోకాళ్ళ కింద అరచేయి మేర చర్మం లేచిపోయింది. ఎడమ మోచేయి కూడా గీరుకుపోయింది గానీ కాళ్ళ ముందు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆస్పత్రిలో కడిగి, రాళ్ళు ఏరి, సూది వేసి పంపించారు. ఎముకలు బాగున్నాయి, పుండ్లు శుభ్రంగా ఉంచుకోమన్నారు. ఇంటికొచ్చాక అసలు వైద్యం మొదలైంది.

జేజి, అంటే నాయన తల్లి, మా ఇంట్లోనే ఉండేది. ఆమె మలాము పచ్చి పసుపు, వేపాకు నూరి ఆముదంలో కాచినది. ఆమె పొయ్యి మీద గిన్నె పెట్టేసరికి ఆదోని బస్సు దిగి అవ్వ వచ్చింది. అవ్వ మా అమ్మ తల్లి. ఆదోని పత్తి మిల్లులో దూది ఏరే పని. ఒక చేతిలో మలాము పిడత, సంకలో మంచులాంటి దూది మూట, కొంగులో నాకు వేయించిన శెనక్కాయలు.

"వదినా, ఆ పసుపు పక్కన పెట్టు. పెండ్లి నలుగా ఏంది అది, పుండుకు పూసేకి," అంది అవ్వ గడపలోనే.

"నీ పచ్చది సూస్తే ఎద్దు మెడకు పూసేది గుర్తొస్తాది వదినా. నా కొడుకు ఎద్దు గాదు," అంది జేజి.

"మా మిల్లులో సెయ్యి కోసుకున్న ఆడోళ్ళంతా నా తావకే వస్తారు. అడుగు పో."

"ఈ వీధిలో ఏ గాయమైనా నా గడప తొక్కాల్సిందే. ఆదోని దాకా పోయి అడిగే పన్లేదు."

అమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఇద్దరూ తాగలేదు. మంచం మీద పడుకున్న నాయన కళ్ళు తెరవకుండానే తీర్పు చెప్పాడు.

"కుడి కాలు మా యమ్మది. ఎడమ కాలు అత్తది. రెండింటి నడుమ నన్ను పండుకోనీండి."

పథ్యం దగ్గర మాత్రం కాళ్ళు పంచినట్టు పంచడం కుదరలేదు. వంకాయ తింటే చీము పడుతుందని జేజి, శెనక్కాయ తింటే చీము పడుతుందని అవ్వ. పుంటికూర, అంటే గోంగూర, వద్దనడంలో మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. నంజుకునే ఊరుబిండి పచ్చడి లేని జొన్నరొట్టె, కారం లేని పప్పు తిని నాయన మొహం వాడిపోయింది. ఇద్దరూ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నేను బజారు నుంచి బొరుగుల ఉగ్గాని, వాము వేసిన మిరపకాయ బజ్జి పొట్లం కట్టించుకొచ్చి ఇచ్చేదాన్ని. ఆయన తిని, కాగితం నలిపి నా చేతికిచ్చి, మూతి తుడుచుకునేవాడు. ఒకరోజు జేజి వంగి వాసన చూసింది.

"ఏమిరా, నీ నోట్లో వామ్మ వాసనొస్తాంది."

"కడుపు బాగలేదని వామ్మ నమిల్నా," అన్నాడు నాయన.

నాకు అప్పటికే గళ్ళ కాగితాల పిచ్చి ఉండేది. చీర అంచు మీద హంస రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద గడి గడికి రంగు నింపి గీస్తారు. ఒక గడి అంటే ఇన్ని దారాలు అని లెక్క. నాయన పాత కాగితాలు నాకిచ్చేవాడు. బడిలో లెక్కల అయ్యవారు చెప్పింది నాకు పెద్దగా ఎక్కలేదు. నాకు వచ్చిన లెక్కంతా ఆ గళ్ళ మీద నేను నేర్చుకున్నదే. ఇప్పటికీ తెలిసిన నేతగాళ్ళు ఏ డిజైనుకు ఎంత నూలు పడుతుందో తెలుసుకోవాలంటే నన్ను పిలుస్తారు.

పుండు తగ్గుతోందని జేజి, నాదే ఎక్కువ తగ్గుతోందని అవ్వ రోజూ వాదించుకుంటుంటే నాకు ఒకటి తోచింది. నూలు కట్టలకు చుట్టి వచ్చే పల్చటి ప్లాస్టిక్ కాగితం కడిగి, పుండు మీద తగలకుండా పట్టుకుని, కాటుక అద్దిన పుల్లతో దాని అంచు గీశాను. తర్వాత గళ్ళ కాగితం మీద పరిచి లోపలి గళ్ళు లెక్కపెట్టాను. సగానికి పైగా లోపల పడిన గడి ఒకటి, సగం కన్నా తక్కువైతే లేదు. ఈ సూత్రం నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దయ్యాక తెలిసింది, లోకంలో ఇంకా చాలామంది ఇట్లాగే లెక్కపెడతారని. ఆ రోజు కొంచెం గర్వపడ్డాను, కొంచెం నిరాశ కూడా పడ్డాను.

"ఏమే, మీ నాయన కాలికి అంచు నేస్తావా?" అంది జేజి నన్ను చూసి.

"హంస బొమ్మ వెయ్యే, అందంగా ఉంటాది," అంది అవ్వ. ఆ ఒక్కసారి ఇద్దరూ కలిసి నవ్వారు.

కొన్నాళ్ళకు ఆ నవ్వు ఒకవైపే మిగిలింది. కుడి కాలి గళ్ళు తగ్గుతూ వచ్చాయి. ఎడమ కాలివి కొంచెం తగ్గి, మళ్ళీ పెరిగి, అక్కడక్కడే తిరుగుతున్నాయి. అప్పుడే సావుకారు మనిషి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"ఏమప్పా, ఎట్లుంది కాలు?"

"ఒకటి పర్వాలేదన్నా. ఇంగోటి మానల్ల."

"ఒక కాలితో నేసే మగ్గం ఇంగా రాలేదు గదప్పా. జాతర లోపల గుంతలో దిగకుంటే పడుగు కోసుకు రమ్మన్నాడు సావుకారు. నన్ను తిట్టుకోవద్దు."

మగ్గం మీద సగం నేసిన చీర మీద అమ్మ పాత దుప్పటి కప్పి ఉంచింది. అతను పోయాక దాన్ని ఒకసారి ఎత్తి చూసి, మళ్ళీ సర్ది కప్పింది.

మరుసటి రోజు పొద్దున జేజి చెప్పేసింది. "ఇంగ సాలు వదినా. ఎడమ కాలు గూడా నాకియ్యి."

అవ్వ పిడతకు మూత పెట్టి గుడ్డ కట్టింది. తన రెండో చీర మడిచి సంచిలో పెట్టుకుంది. మిల్లులో ఆడవాళ్ళంతా తన దగ్గరికే వస్తారని చెప్పుకున్న మనిషి, కూతురి ఇంటి నుంచి అట్లా పోవడానికి లేచింది. అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది.

అంతకుముందు రోజూ కట్లు విప్పేటప్పుడు నేను కాగితం పట్టుకుని పక్కనే ఉండి చూసేదాన్ని. అవ్వ తన మలాము పూసి పైన దూది అద్దుతుంది. వాళ్ళ వీధిలో అందరూ అంతే. మిల్లు పక్కన బతికేవాళ్ళకు దూదిని మించింది లేదు. దెబ్బ తగిలిందంటే గుప్పెడు కొత్త దూది ఒత్తేస్తారు. ఆ దూది పోగులు తడికి పుండులో కలిసిపోయి ఎండి అట్ట కడతాయి. పొద్దున దాన్ని లాగుతుంటే నాయన మంచం నులక పట్టుకుని పళ్ళు కొరికేవాడు. లాగిన దూది అడుగున ఉల్లిపొరలాంటిది అంటుకుని వచ్చేది. అది కొత్త చర్మం. జేజి మాత్రం పాత పంచె ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, పీలికలు చించి కట్టేది. నేతగాళ్ళ ఇంట్లో దూది ఎవరు వాడతారు, గుడ్డే గదా ఉండేది. మెత్తబడిన ఆ గుడ్డ నూనెకు జారి ఊడి వచ్చేది.

నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"అవ్వ పోకూడదు. ఇంగా తేల్లేదు."

"ఏం తేలల్లమ్మీ? కంటికి కనపడ్ల్యా?" అంది జేజి.

"కనపడేది కాలు జేజీ. మలాము గాదు. నువ్వు గుడ్డ కడతాండావు, అవ్వ దూది ఒత్తుతాంది. మలామూ వేరే, కప్పేదీ వేరే. దేనికి మానుతాందో ఎట్ల సెప్తావు? అవ్వ మలాముకు గుడ్డ కట్టి సూడల్ల."

మెచ్చుకుంటుందనుకున్న అవ్వే ముందు మండిపడింది. "మా దూదిని అంటాండావా?"

"దూదినే అంటాండా అవ్వా. నీ మలామునేం అనల్యా."

నెత్తిన మొట్టికాయ పడింది. అవ్వది. అమ్మ వెనక నుంచి, "పెద్దోళ్ళకు ఎదురు సెప్పొద్దే, పక్కకు రా," అంది. నేను రాలేదు. తల మండుతోంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గడప వదల్లేదు.

"పాప సెప్పేది తప్పేముంది?" అన్నాడు నాయన మంచం మీద నుంచి. "దారం మార్చి, నేత మార్చి, సీర బాగలేదంటే తప్పు దారందా నేతదా? ఒకటే మార్చి సూద్దాం."

"జాతర ముందుర పెట్టుకొని ఇవి ఆడే ఆటలా?" అంది జేజి. "నా కాలు మానుతాంది. ఇదీ నాకిస్తే మానుతాది. దీనికి ఇంత లెక్క దేనికి?"

జేజి మాటలో న్యాయం ఉంది. అది నాకు అప్పుడు కనపడలేదు, ఇప్పుడు కనపడుతుంది. తొందరగా మానడమే కావాలంటే ఆమె చెప్పిందే దగ్గరి దారి. నాయన ఆ దారి పట్టకపోవడానికి కారణం నా లెక్క మీది నమ్మకమో, పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చున్న అమ్మ వీపో నేను చెప్పలేను.

"తప్పితే?" అని అడిగింది జేజి నన్ను.

"తప్పితే నువ్వు గూడా కొట్టు."

"నా పంచె పీలికలు ఆమె మలాము మీద కట్టల్నా?"

"నా కాలి మీద కట్టుమా," అన్నాడు నాయన.

జేజి పీలికలు తెచ్చి మంచం మీద పడేసింది. అవ్వ వాటిని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఎట్లా కట్టాలో తెలియనట్టు కాసేపు కూర్చుని, చివరికి కట్టింది. దూది మూట అటక ఎక్కింది.

ఆ తర్వాత నేను గీసిన కాగితాల మీద ఎడమ కాలి గీత లోపలికి నడవడం మొదలుపెట్టింది. మొదట నేను నమ్మలేదు. పుల్ల లావయిందేమో, చెయ్యి వణికిందేమో అని రెండుసార్లు గీశాను. తగ్గుతోంది. నాయన నులక పట్టుకోవడం మానేశాడు. జాతర దగ్గరపడేసరికి రెండు కాళ్ళ గళ్ళకూ పెద్ద తేడా లేదు. రెండు చోట్లా గులాబీ రంగు పల్చటి చర్మం వచ్చింది.

సావుకారు మనిషి చెప్పినట్టే వచ్చాడు. సంకలో సంచి ఉంది. పడుగు కోసే కత్తి అందులో ఉందని మాకు తెలుసు. వీధి మొగదల నుంచే మా ఇంటి పలకల చప్పుడు విన్నట్టున్నాడు, గుమ్మం దగ్గర ఆగి ఇంకొంచెంసేపు విన్నాడు. రెండు పలకల చప్పుడు, ఒకదాని వెంట ఒకటి. నాయన గుంతలో ఉన్నాడు, రెండు కాళ్ళకూ పంచె పీలికలు చుట్టుకుని.

"రాన్నా, మజ్జిగ తాగు," అంది అమ్మ. నేను చూసినంత వరకు ఆమె ఆ మనిషి ముందు కొంగు లాక్కోకుండా మాట్లాడింది ఆ రోజే. అతను మజ్జిగ తాగి, సంచి విప్పకుండా పోయాడు.

అప్పటి నుంచి ఇంకో పోట్లాట. తన పచ్చ మలాము చివరికొచ్చి పుంజుకుందని అవ్వ, తన గుడ్డ పుణ్యం కాకపోతే ఏమయ్యేదని జేజి. ఒకరోజు ఉగ్గాని పొట్లం చేతిలో పట్టుకుని నేను ఇద్దరి మాటా వింటున్నాను. నాయన గుంతలో నుంచి లేచి చేతులు పైకెత్తి ఒళ్ళు విరిచాడు. అప్పుడు చూశాను ఎడమ మోచేయి. నున్నగా ఉంది.

"మోచేతికి ఎవురు పూసినారు?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"స్నానం సేసేటప్పుడు ఉప్పునీళ్ళతో కడుక్కుంటాంటి. అంతే," అన్నాడు నాయన.

"అది గూడా మానింది జేజీ. మలాము ల్యాకుండానే మానింది అవ్వా."

"మోచెయ్యి గుంతలో దిగుతాదా? దానికేం పని," అంది జేజి.

"అది చిన్నది. దాన్దేం లెక్క," అంది అవ్వ.

"చిన్నదే. అందుకే ఏ మలాము గొప్పదో నేను సెప్పల్యా. తెలీదంటాండా."

"వదినా, ఈ పిల్ల మన ఇద్దరినీ సంతలో పెట్టి అమ్మేట్టుంది," అంది అవ్వ.

"ఎవురు కొంటారు వదినా? బేరం సేసేటప్పుడు గూడా తెలీదు తెలీదు అంటాది," అంది జేజి.

ఇద్దరూ కలిసి నన్ను అరుగు మీదికి తరిమారు. అక్కడ కూర్చుని ఉగ్గాని తిన్నాను. లోపల, అంతకాలానికి మొదటిసారి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మజ్జిగ తాగుతూ నన్ను తిట్టుకున్నారు.

వాళ్ళిద్దరూ చివరిదాకా తమ మలామే మానిపిందని చెప్పుకున్నారు. ఆ వీధి లేదు ఇప్పుడు. గుంతలు పూడ్చి బండలు పరిచారు. గంజి వాసన ఎట్లా ఉంటుందో ఈ పిల్లలకు చెప్పాలంటే నాకు మాటలు దొరకవు. గాయపాకు మాత్రం ఇంకా కాలవ గట్టు మీద ఎవరికీ చెప్పకుండా మొలుస్తూనే ఉంది. ఆ ఆకులో గుణం లేదని నేననను. ఉందేమో. ఆకు పసరని వెక్కిరించే వాళ్ళ ముందు కూడా ఇదే మాట అంటాను, చూడకుండా లేదని మీరెట్లా అంటారని. కానీ ఉందని చెప్పడానికి, అంతే పుండు ఉండి, అదే గుడ్డ కట్టి, ఏ మలామూ పూయని కాలు ఒకటి కావాలి. ఆస్పత్రిలో వేసిన సూది, ఏరిన రాళ్ళు, నేను దొంగతనంగా పెట్టిన బజ్జీలు కూడా రెండు కాళ్ళకూ సమానమే, అవి ఎవరి లెక్కలోకీ రాలేదు. మా నాయనకు మూడో కాలు లేదు.

ఆయన చివరి రోజుల్లో కాళ్ళు కడిగేది నేనే. మోకాళ్ళ కింద రెండు మచ్చలు ఉండేవి, లేత రంగులో, వెంట్రుకలు లేకుండా. ఒకసారి నీళ్ళు పోస్తూ, "నాయనా, ఏది అవ్వది, ఏది జేజిది?" అని అడిగాను. ఆయన వంగి చాలాసేపు చూసుకున్నాడు.

"కాళ్ళయితే తెలుస్తాయి పాపా. మచ్చలు సూస్తే తెలీదు," అన్నాడు.

అబ్బీ, నువ్వడిగిన మాటలు ఇవి కావు. ఆ డబ్బా మీద నా బొమ్మ వేయొద్దు, ముత్తవ్వ పేరు చెప్పి పుండు మాయమనొద్దు. గళ్ళ కాగితం నా దగ్గర ఉంది, లెక్కపెట్టడం నేర్పిస్తాను. పొద్దున రా. కానీ అచ్చు వేయించేముందు మూడో కాలు వెతుక్కో.